మలబద్ధకానికి మందు: మెత్తబరిచేదా, తోసేదా?

డాక్టర్ చీటీ లేకుండా దొరికే విరేచనం మందులన్నీ ఒకే పని చేయవు. ఏది ఎలా పనిచేస్తుంది, ఎవరికి పనికిరాదు, ఎన్నాళ్లు వాడొచ్చు, ఎప్పుడు ఆపేయాలి?

మెడికల్ షాపులో "మోషన్ సాఫీగా అవడానికి ఏదైనా ఇవ్వండి" అని అడగడం మామూలే. ఆ మాటకు ఒకచోట ఇసబ్‌గోల్ డబ్బా చేతికొస్తుంది. ఇంకోచోట గులాబీ రంగు సిరప్, మరోచోట రాత్రి వేసుకోమని ఒక చిన్న మాత్ర ఇస్తారు. కొనేవారి లెక్కలో మూడూ విరేచనం మందులే. కడుపులోకి వెళ్లాక మాత్రం ఒకటి మలాన్ని ఉబ్బిస్తుంది, ఒకటి మెత్తబరిచి జారేలా చేస్తుంది, ఒకటి పేగు గోడను కదిలించి తోయిస్తుంది. మొదటి రకాన్ని సరిపడా నీటితో వారాల తరబడి వాడినా చాలామందికి ఇబ్బంది ఉండదు. చివరి రకాన్ని మోతాదు మించి, వరసగా వాడితే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గిపోవచ్చు. చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడమే ఈ మందుల విషయంలో సగం జాగ్రత్త.

భారత చట్టంలో చీటీ లేకుండా అమ్మే మందులంటూ విడిగా ఒక తరగతి లేదు. ఔషధ నిబంధనల్లోని హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్లలో లేని మందును చీటీ అడగకుండా అమ్మవచ్చు. 1945 నాటి ఆ నిబంధనల్లోనే షెడ్యూల్ 'కె' అనేది ఉంది. వెయ్యికి మించని జనాభా ఉన్న గ్రామాల్లో మందుల లైసెన్సు లేని దుకాణాలు కూడా కొన్ని షరతులతో అమ్ముకోగల ఇంటి మందుల జాబితా అందులో కనిపిస్తుంది. ఆముదం, లిక్విడ్ పారఫిన్, ఎప్సమ్ సాల్ట్ ఆ జాబితాలోవే. అంత సులువుగా దొరికే మందులు గనకే వాటి గురించి డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడిగేవారు తక్కువ.

ఏది మలబద్ధకం, ఏది కాదు

రోజూ పొద్దున్నే ఒకసారి కాకపోతే అది మలబద్ధకమే అని చాలామంది అనుకుంటారు. వైద్యుల లెక్క వేరు. రోజుకు 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల వరకు ఎంతైనా మామూలే. ఒక మనిషికి రోజు విడిచి రోజు అయ్యే అలవాటు ఏళ్లుగా ఉండి, ముక్కకుండా సాఫీగా అవుతుంటే దానికి మందు అక్కర్లేదు.

ఎన్నిసార్లు అన్నదానికంటే ఎలా అవుతోంది అన్నదే ముఖ్యం. బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగర వైద్యులు స్టీఫెన్ లూయిస్, కెన్ హీటన్ 1997లో ప్రచురించిన పట్టిక ఇందుకు బాగా పనికొస్తుంది. మలాన్ని అది 7 రకాలుగా విడదీస్తుంది. మేక పెంటికల్లా విడివిడిగా గట్టిగా వచ్చేది 1వ రకం, గడ్డలు కట్టి లావుగా వచ్చేది 2వ రకం. ఈ రెండూ మలబద్ధకానికి గుర్తులు. 3, 4 రకాలు మామూలు. అక్కడి నుంచి 7కు వెళ్లేకొద్దీ మలం పలచబడుతుంది. మందు వాడేవారు చేరుకోవాల్సింది 4వ రకానికే గాని 7వ రకానికి కాదు. నీళ్లలా అయితేనే కడుపు శుభ్రమైందనుకోవడం పొరపాటు.

పెద్దపేగు పనుల్లో ఒకటి నీటిని తిరిగి ఒంట్లోకి పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంతగా ఎండిపోతుంది. ప్రయాణాలు, పండగ రోజుల తిండి, నీళ్లు తక్కువ తాగడం, మంచాన పడటం, వచ్చినప్పుడు ఆపుకోవడం వంటి కారణాలతో అప్పుడప్పుడూ వచ్చే మలబద్ధకం ఇలాంటిదే. చీటీ లేకుండా దొరికే మందులు పనికొచ్చేది దీనికే. నెలల తరబడి సాగే సమస్యకు కారణం వెతకాలి.

ఇసబ్‌గోల్: పొట్టు కంటే నీళ్లే ముఖ్యం

ఇసబ్‌గోల్ అనేది ప్లాంటాగో ఒవాటా అనే మొక్క గింజల పైపొట్టు. ప్రపంచంలో దీన్ని అత్యధికంగా పండించేది భారతదేశమే. గుజరాత్, రాజస్థాన్ దీనికి పేరుపడ్డ రాష్ట్రాలు. గుజరాత్ మెహసాణా జిల్లాలోని ఊంఝా దీని పెద్ద మార్కెట్.

ఈ పొట్టు జీర్ణం కాదు. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టుకుని జిగురులా ఉబ్బుతుంది. దాంతో మలం మెత్తబడి, పరిమాణం పెరిగి, పేగు తనంతట తానే కదులుతుంది. విరేచనాలప్పుడు పెరుగులో కలిపి ఇచ్చేదీ ఇదే పొట్టు. అక్కడ అది అదనంగా ఉన్న నీటిని పట్టుకుంటుంది, ఇక్కడ పోయే నీటిని ఆపుతుంది.

మామూలు మోతాదు ఒకటి రెండు చెంచాలు. ఒక పెద్ద గ్లాసు, అంటే దాదాపు 240 మి.లీ. నీటిలో కలిపి వెంటనే తాగాలి. ఆ పైన మరో గ్లాసు నీళ్లు తాగితే మంచిది. పొడిగా నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగితే అది గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. మింగడం కష్టంగా ఉన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి, పేగులు ఇరుకయ్యాయని డాక్టర్ చెప్పినవారికి ఇసబ్‌గోల్ ఇవ్వకూడదు. తాగి వెంటనే పడుకోకూడదు.

ఫలితం కనిపించడానికి 12 గంటల నుంచి 3 రోజులు పడుతుంది. ఒక్క రాత్రి చూసి "పనిచేయలేదు" అని ఇంకో మందు జోడించడం చాలామంది చేసే తప్పు. మొదట్లో కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉండవచ్చు కాబట్టి ఒక చెంచాతో మొదలుపెట్టి పెంచుకోవాలి. రుచి కలిపిన రకాల్లో చక్కెర ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారు డబ్బాపై రాసింది చూసి కొనాలి. పొట్టు ఇతర మందులను కూడా పట్టుకుంటుంది. అందుకే దానికీ ఇతర మాత్రలకూ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉంచాలి.

నీటిని పేగులో నిలిపేవి

లాక్టులోజ్ సిరప్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఈ కోవలోవి. ఇవి పేగులో నీటిని నిలబెట్టి మలం ఎండిపోకుండా చూస్తాయి.

లాక్టులోజ్ పెద్దలకు సాధారణంగా రోజుకు 15 నుంచి 30 మి.లీ. ఇస్తారు. పనిచేయడానికి 1 నుంచి 2 రోజులు పడుతుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా దీన్ని పులియబెడుతుంది కాబట్టి గ్యాస్, ఉబ్బరం ఎక్కువ. సిరప్‌లో కొద్దిగా గెలాక్టోజ్, లాక్టోజ్ కూడా ఉంటాయి. మధుమేహం ఉన్నవారు ఎక్కువ మోతాదు వాడాల్సి వస్తే డాక్టర్‌కు చెప్పాలి.

పాలీఇథిలీన్ గ్లైకాల్ పెద్దలకు రోజుకు 17 గ్రాములు, ఒక గ్లాసు నీటిలో కలిపి ఇస్తారు. 1 నుంచి 3 రోజుల్లో పనిచేస్తుంది. అమెరికాలో 2006 నుంచి ఇది చీటీ లేకుండా దొరుకుతోంది. పెద్దల్లో దీర్ఘకాల మలబద్ధకంపై అక్కడి రెండు జీర్ణకోశ వైద్య సంఘాలు 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని గట్టిగా సిఫార్సు చేశాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కొలనోస్కోపీకి ముందు పేగును పూర్తిగా ఖాళీ చేయడానికి ఇచ్చే పెద్ద ప్యాకెట్‌లో ఉండేదీ ఇదే పేరున్న మందు. అందులో లవణాలు కలిపి ఉంటాయి, మోతాదు కూడా చాలా ఎక్కువ. మామూలు మలబద్ధకానికి దాన్ని వాడకూడదు.

మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా నీటిని లాగే మందే గాని, అరగంట నుంచి 6 గంటల్లోనే పనిచేస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది మంచిది కాదు. కిడ్నీలు బయటికి పంపలేని మెగ్నీషియం రక్తంలో పేరుకుని మత్తు, కండరాల బలహీనత, గుండె లయ తప్పడం దాకా వెళ్లవచ్చు.

మలం మెత్తబడే మందులు

అచ్చంగా మలాన్ని మెత్తబరిచే మందుగా పేరున్నది డాక్యుసేట్. నీరు, కొవ్వు మలంలోకి ఇంకేలా చేస్తుందన్నది దాని వెనుక ఉన్న లెక్క. 1 నుంచి 3 రోజులు పడుతుంది. హాని తక్కువ, కానీ మేలు కూడా తక్కువేనని తేలుతోంది. కెనడాలో హాస్పిస్ రోగులపై చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో సెన్నాతో పాటు డాక్యుసేట్ తీసుకున్నవారికీ, సెన్నాతో పాటు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇప్పటికే గట్టిపడి ఇరుక్కున్న మలానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం. మొలలు, మలద్వారం దగ్గర చీలిక, ప్రసవం, ఆపరేషన్ తర్వాత ముక్కకూడదన్నప్పుడు మలాన్ని మెత్తగా ఉంచడం అవసరం. దానికి ఏ మందు, ఎన్నాళ్లు అన్నది ఆ డాక్టరే చెబుతారు.

లిక్విడ్ పారఫిన్ మలానికి నూనె పూతలా పనిచేస్తుంది. మనదగ్గర దొరికే చాలా సిరప్‌లలో దీన్ని మిల్క్ ఆఫ్ మెగ్నీషియాతో కలుపుతారు. కొన్నింటిలో సోడియం పికోసల్ఫేట్ అనే తోసే మందును కూడా చేరుస్తారు. కాబట్టి సీసా ముందువైపు పేరు చూసి సరిపెట్టుకోకుండా, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవాలి. పారఫిన్‌తో అసలు ప్రమాదం పొరబోయినప్పుడు. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే ఒక రకమైన న్యుమోనియా వస్తుంది. మంచంలో పడుకుని ఉన్న వృద్ధులకు, మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి, చిన్నపిల్లలకు అందుకే దీన్ని ఇవ్వకూడదు. ఎక్కువకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. డాక్యుసేట్, లిక్విడ్ పారఫిన్ కలిపి వాడకూడదు. డాక్యుసేట్ వల్ల నూనె రక్తంలోకి చేరే అవకాశం పెరుగుతుంది.

తోసే మందులు

బిసాకోడిల్, సోడియం పికోసల్ఫేట్, సెన్నా పేగు నరాలను, కండరాలను ప్రేరేపిస్తాయి. రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో, అంటే పొద్దుటికి పనిచేస్తాయి. బిసాకోడిల్ పెద్దల మోతాదు 5 నుంచి 10 మి.గ్రా. ఈ మాత్రకు కడుపులో కరగకుండా పైపూత ఉంటుంది. అందుకే నమలకూడదు, విరగ్గొట్టకూడదు. పాలు, యాంటాసిడ్ తీసుకున్న గంటలోపు వేసుకోకూడదు. అలా చేస్తే పూత ముందే కరిగి కడుపులో మంట, మెలిపెట్టే నొప్పి వస్తాయి.

మెత్తబరిచే మందు రెండు మూడు రోజులు వాడినా ఫలితం లేనప్పుడు ఒకటి రెండు రాత్రులు వీటిని వాడటంలో తప్పు లేదు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. గట్టి విరేచనం అయ్యాక పెద్దపేగు దాదాపు ఖాళీ అవుతుంది. అది మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పట్టడం సహజం. ఆ విరామాన్ని చూసి "మళ్లీ బిగుసుకుంది" అనుకుని ఇంకో మాత్ర వేసుకుంటారు. మళ్లీ ఖాళీ, మళ్లీ విరామం, మళ్లీ మాత్ర. మందు లేనిదే మోషన్ కాదని చెప్పేవారిలో కొందరి కథ ఇదే. ఈ మందులతో పేగు నరాలు శాశ్వతంగా చచ్చుబడిపోతాయన్న పాత భయానికి బలమైన ఆధారాలు లేవు. నీరు, పొటాషియం తగ్గడం మాత్రం నిజమైన ప్రమాదం. బీపీకి, గుండెకు నీరు తగ్గించే మాత్రలు వాడేవారికి, డిగాక్సిన్ వాడేవారికి అది ఇంకా ఎక్కువ.

బరువు తగ్గడానికి వీటిని వాడేవారూ ఉన్నారు. తిన్నదాని శక్తి చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఈ మందులు పనిచేసేది పెద్దపేగులో. తూకంలో తగ్గినట్టు కనిపించేది నీటి బరువే.

"ఆయుర్వేదమే కదా" అన్న ధీమా

రాత్రి గోరువెచ్చని నీళ్లతో తీసుకోమనే చూర్ణాలు చాలావాటిలో ప్రధాన దినుసు సునాముఖి ఆకు. అది సెన్నాయే. మెడికల్ షాపు మాత్రకు వర్తించే జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. నెలల తరబడి వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది. మానేస్తే క్రమంగా మామూలవుతుంది. చూర్ణం ఒకవైపు, మాత్ర మరోవైపు వాడేవారు తెలియకుండానే ఒకే రకం మందును రెండింతలు తీసుకుంటున్నట్టు.

మూలిక అయినంత మాత్రాన భద్రత రుజువైనట్టు కాదు. కలబంద రసం, కాస్కరా సగ్రడా బెరడు కలిసిన విరేచనం మందులకు తయారీదారులు భద్రత ఆధారాలు సమర్పించకపోవడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో వాటిని చీటీ లేకుండా అమ్మే మందుల నుంచి తొలగించింది.

ఆముదం మన ఇళ్లలో పాత మందు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగునే కాదు, గర్భాశయాన్ని కూడా ముడుచుకునేలా చేస్తుంది. గర్భిణులు అసలు తాగకూడదు. పిల్లలకు నెలకోసారి ఆముదం పట్టి కడుపు కడగాలన్న అలవాటుకు వైద్యపరంగా అవసరం లేదు.

ఎవరికి ఎక్కువ జాగ్రత్త

పసిపిల్లలు: తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు మొదటి నెల దాటాక కొన్ని రోజులు మోషన్ కాకపోయినా, బిడ్డ హుషారుగా ఉండి, బరువు పెరుగుతూ, అయినప్పుడు మెత్తగా అయితే అది మామూలే. సబ్బు ముక్క, ఆముదంలో ముంచిన తమలపాకు కాడ మలద్వారంలో పెట్టడం వల్ల సున్నితమైన పొర గాయపడుతుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదు. పుట్టిన 48 గంటల్లో తొలి మలం రాకపోతే పేగు జబ్బు ఉందేమో పరీక్షించాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ఏ విరేచనం మందూ సొంతంగా వేయకూడదు. పెద్ద పిల్లలకు కూడా మోతాదు బరువును బట్టి డాక్టర్ నిర్ణయించాలి.

గర్భిణులు: హార్మోన్ల మార్పుకు తోడు ఐరన్ మాత్రల వల్ల మలం గట్టిపడుతుంది. ఐరన్ మానేయడం పరిష్కారం కాదు. ఇసబ్‌గోల్, లాక్టులోజ్ సాధారణంగా సురక్షితమే అయినా, ముందు తమను చూసే డాక్టర్‌కు చెప్పాలి.

వృద్ధులు: మంచాన ఉన్నవారికి గట్టి మలం కింద అడ్డుపడితే దాని పక్కనుంచి నీళ్లలాంటి మలం కారుతుంది. ఇంట్లోవారు దాన్ని విరేచనాలనుకుని విరేచనాలు ఆగే మాత్ర వేస్తే పరిస్థితి విషమిస్తుంది. రోజుల తరబడి మోషన్ కాని వృద్ధులకు ఉన్నట్టుండి నీళ్ల విరేచనాలు మొదలైతే ముందు డాక్టర్ పరీక్షించాలి.

ఎనీమా వాడేవారు: సోడియం ఫాస్ఫేట్ ఉన్న మందును, తాగేదైనా ఎనీమా అయినా, 24 గంటల్లో ఒక మోతాదుకు మించి వాడితే కిడ్నీలకు, గుండెకు తీవ్రమైన హాని, అరుదుగా మరణం సంభవించవచ్చని ఎఫ్‌డీఏ 2014 జనవరిలో హెచ్చరించింది. మొదటిది పనిచేయలేదని రెండోది ఎక్కించకూడదు. వృద్ధులు, చిన్నపిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్ చెప్పనిదే వాడకూడదు.

ఇతర మందులు వాడేవారు: ఐరన్, కాల్షియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి మందులు, కొన్ని జలుబు మాత్రలు, కొన్ని మానసిక సమస్యల మందులు మలబద్ధకాన్ని తెస్తాయి. అప్పుడు మందుకు మందు వేయడం కంటే, మొదటి మందును మార్చే వీలుందేమో రాసిన డాక్టర్‌ను అడగాలి. సొంతంగా మానేయకూడదు.

ఎలా మొదలుపెట్టాలి

తిండి, నీళ్లు ముందు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొట్టుతో ఉన్న పప్పులు, ఆకుకూరలు, గోరుచిక్కుడు, జామకాయ, జొన్న, రాగి, నానబెట్టిన ఎండు ద్రాక్ష మనకు అందుబాటులోవే. ఒక్కరోజే పెంచకుండా వారం పది రోజుల్లో పెంచాలి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పినవారు ఆ పరిమితి దాటకూడదు. వారికి ఇసబ్‌గోల్ కూడా సరిపోకపోవచ్చు. తిన్న తర్వాత పెద్దపేగు కదలిక పెరుగుతుంది కాబట్టి టిఫిన్ అయ్యాక కాసేపటికి వెళ్లడం మంచిది. వెస్ట్రన్ కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే గొంతుకు కూర్చున్న భంగిమకు దగ్గరవుతుంది, ముక్కే అవసరం తగ్గుతుంది.

అది చాలకపోతే ఇసబ్‌గోల్. మూడు రోజుల్లో ఫలితం లేకుంటే దాని బదులు లాక్టులోజ్ లేదా పాలీఇథిలీన్ గ్లైకాల్. అప్పటికీ కాకపోతే ఒకటి రెండు రాత్రులు బిసాకోడిల్. ఒకసారి ఒక మందే వాడాలి. సిరప్‌ను ఇంటి చెంచాతో కాకుండా మూతపై ఉన్న గీతతో కొలవాలి. ఏ మందైనా సొంతంగా వాడేది 7 రోజులకు మించకూడదు. అప్పటికీ అవసరం పడుతుంటే థైరాయిడ్, మధుమేహం, పార్కిన్సన్స్, పెద్దపేగు జబ్బుల్లో ఏదైనా ఉందేమో చూడాలి.

మందు వేయకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సినవి

తీవ్రమైన కడుపు నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బిపోవడం, గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే పేగు అడ్డుపడి ఉండవచ్చు. నొప్పి కుడివైపు కిందికి జరుగుతూ జ్వరం కూడా ఉంటే అపెండిసైటిస్ కావచ్చు. ఇలాంటప్పుడు విరేచనం మందు వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మలంలో రక్తం, తారులా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, దగ్గరి బంధువులకు పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, 45 ఏళ్లు దాటాక మోషన్ అలవాటు కొత్తగా మారి అలాగే కొనసాగడం ఉంటే వారంలోపు చూపించుకోవాలి. రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోకూడదు, పరీక్షలో తేలాలి. ఐరన్ మాత్రలతో కూడా మలం నల్లబడుతుంది, కానీ తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే అది లోపల రక్తస్రావానికి గుర్తు. దానికి వారం ఆగకూడదు, వెంటనే వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడిన మందుల సీసాలు, చూర్ణం డబ్బాలు కూడా వెంట తీసుకెళ్లాలి. ఏం వాడారో తెలిస్తేనే ఏం జరుగుతోందో డాక్టర్‌కు త్వరగా అర్థమవుతుంది.